నాలుగున్నరకే తెల్లారే బల్ల

నగరపాలక కార్యాలయం కింది అంతస్తులో, మెట్ల పక్కన, చెక్క తలుపున్న చిన్న కిటికీ ఒకటుంది. కిటికీ అవతల ఒక బల్ల, బల్ల మీద ఒక ముద్ర, దాని వెనక ఒక మనిషి. పై అంతస్తుల్లో ఎవరు ఏం రాసినా, బయటినుంచి ఎవరు ఏం మొరపెట్టుకున్నా, ఆ కాగితం నెత్తిన ముద్ర పడి, నంబరెక్కితేనే అది పుట్టినట్టు. అంతవరకూ అది ఉత్త చిత్తుకాగితమే. మేయరు రాసినా అంతే, మేస్త్రీ రాసినా అంతే. ముప్ఫై ఒక్కేళ్ళుగా అక్కడ కూర్చుంటున్న ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన ముద్రలాయన.

మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు. ఒకరి జోలికి పోడు, ఒకరిని తన జోలికి రానివ్వడు. సిరా అంటకుండా కుడి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుంటాడు. మధ్యాహ్నం డబ్బా విప్పి, భార్య ఏం పెట్టిందో చూడకుండానే తినేస్తాడు. ఎవరైనా గొడవకొస్తే కిటికీ సగం మూసి, మిగతా సగంలోంచి మాట్లాడతాడు.

ఆయనకో అలవాటుంది. ముద్రలో తేదీ తిప్పే చక్రాలుంటాయి, లోకంలో ఎవరైనా వాటిని పొద్దున్నే తిప్పుకుంటారు. ఈయన మాత్రం సాయంత్రం నాలుగున్నరకే గుండుసూది మొనతో రేపటి తేదీకి తిప్పేసేవాడు. ఆఫీసు మూసేది ఐదున్నరకి. ఆ గంటలో వచ్చిన కాగితం రేపు వచ్చినట్టే. రేపటి గూట్లోకి పోతుంది, రేపు పది గంటలకి కదులుతుంది.

దీని వెనక పాత కథ ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక పొద్దున చక్రం తిప్పడం మర్చిపోయి, అరవై కాగితాల మీద నిన్నటి తేదీ కొట్టాడు. అప్పటి అధికారి ఆయన్ని హాలు మధ్యలో నిలబెట్టి, అరవైనీ ఎర్రసిరాతో దిద్దించాడు. ఒక్కొక్కటీ దిద్దాక, ‘‘నేను తెలివితక్కువవాణ్ణి’’ అని పైకి చదివించాడు. హాలంతా పడీపడీ నవ్వింది. పాలకు నోరు కాలినవాడు మజ్జిగ ఊదుకు తాగుతాడంటారు. ఆ రోజు నుంచి ఈయన రేపటి తేదీని ఇవాళే సిద్ధం చేసుకోకుండా కుర్చీలోంచి లేవలేదు. ఆఫీసులో చప్రాసీ నుంచి ఇంజనీరు దాకా అందరికీ ఈ సంగతి తెలుసు. ‘‘మన ముద్రలాయన బల్ల దగ్గర సాయంత్రం నాలుగున్నరకే తెల్లారుతుందిరా’’ అని నవ్వుకునేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు.

ఆ రోజుల్లో మేయరు టీచరమ్మ. ఇరవై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, జనం బలవంతపెడితే పోటీకి దిగి, రెండుసార్లు గెలిచింది. పైనున్న ప్రభుత్వం మాత్రం అవతలి పార్టీది. ఓట్లతో ఆమెను దింపడం తమ వల్ల కాదని వాళ్ళకు తొందరగానే అర్థమైంది. కనుక కేసులు పెట్టారు. ఆఫీసు కారులో తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్ళిందని ఒకటి, పార్కు బెంచీలకు తన పార్టీ రంగు వేయించిందని ఒకటి, ఒక పత్రం మీద సంతకం సగమే పెట్టిందని ఇంకొకటి. మూడూ కోర్టులో తుస్సుమన్నాయి. నాలుగోదాని కోసం వాళ్ళు కాచుకుని కూర్చున్నారు.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం ఇంజనీరు పరుగున వచ్చి, పాత మార్కెట్ భవనంలో నడిమి స్తంభం బీట వారిందని చెప్పాడు. టీచరమ్మ అక్కడికక్కడే ఒక పేజీ రాసింది. ఈ రాత్రికే అందరినీ ఖాళీ చేయించాలి, తలుపులకు నోటీసులు అంటించాలి, తాళాలు వేయాలి. కింద తేదీ వేసి, సంతకం పెట్టి, ఈసారి పూర్తిగానే పెట్టి, అటెండరు చేతికిచ్చి, పక్క ఊళ్ళో నీళ్ళ ట్యాంకు సమావేశానికి బయల్దేరింది. దారిలో ఫోను చేసి అడిగింది కూడా.

‘‘కాగితం కింద ఇచ్చావా?’’

‘‘ఇచ్చానమ్మా, నా చేత్తో ఇచ్చాను.’’

వాడు అబద్ధమాడలేదు. నాలుగూ నలభైకి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, ఇచ్చాడు. అక్కడ అప్పటికే తెల్లారిపోయింది.

‘‘గురువుగారూ, అర్జెంటట. మేడంగారు మరీ మరీ చెప్పమన్నారు.’’

‘‘ఈ ముప్ఫై ఒక్కేళ్ళలో అర్జెంటు కాని కాగితం ఒక్కటి చూపించవయ్యా, నీ కాళ్ళకి దండం పెడతా.’’

‘‘అది కాదండీ, నిజంగానే...’’

‘‘రేపు మొదటి నంబరు దీనికే. ఇదిగో, అన్నిటికన్నా పైన పెడుతున్నా. సరేనా? పో, పోయి మేడంగారికి చెప్పు.’’

విషయం అన్నచోట ‘మార్కెట్ భవనం’ అని రెండు ముక్కలు చూసి, రిజిస్టర్లో ఎక్కించి, పదిహేనో తేదీ ముద్ర కొట్టాడు. ఆపైన చదవలేదు. కాగితాలు చదవడం ఆయన పని కాదు. ఐదున్నరకి తాళం వేసుకుని, సంచీ భుజాన వేసుకుని, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున ఐదింటికి, కూరగాయల లారీలు దింపుతున్న వేళ, మార్కెట్ భవనం కూలింది. పదకొండు మంది పోయారు. మెట్ల కింద బల్ల వేసుకుని కుట్టుకునే దర్జీ అందులో ఒకడు. ఇరవై ఏళ్ళుగా ముద్రలాయన చొక్కాలన్నీ అతనే కుట్టేవాడు. పని ఎక్కువైతే అక్కడే పడుకునేవాడు. ముందురోజు పని ఎక్కువైంది.

ముద్రలాయన మామూలు వేళకే ఆఫీసుకొచ్చాడు. దారిలోనే విన్నాడు. కిటికీ తెరిచి, గూట్లో పైనున్న కాగితం తీసి, మొదటిసారి చివరిదాకా చదివాడు. ఆ తర్వాత ఏం చేశాడో చెబితే మీకు ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది. పది కాగానే ఆ కాగితాన్ని నోటీసులు అంటించేవాడికి అందించాడు. పైనున్న కాగితం పదింటికి కదలాలి, అంతే. ఆ క్షణంలో ఆయన బుర్రలో ఇంకేమీ మిగల్లేదు. అంటించేవాడు చెప్పింది చేయడమే తప్ప ఆలోచించే అలవాటు లేని మనిషి. జిగురు డబ్బా సైకిలుకు తగిలించుకుని వెళ్ళి, అరగంటలో తిరిగొచ్చాడు.

‘‘అక్కడ తలుపుల్లేవండీ. ఎక్కడ అంటించమంటారు?’’ అని అడిగాడు.

నాలుగో కేసు దొరికింది. టీచరమ్మ తాను పద్నాలుగునే ఆజ్ఞ రాశానని చెప్పింది. కాగితం మీద పదిహేను కొట్టి ఉంది. ఇంకేం కావాలి? పదకొండు మందిని గాలికొదిలేసి, చచ్చాక తీరిగ్గా కూర్చుని, పాత తేదీ వేసి దొంగకాగితం పుట్టించిందన్నారు. టీవీల్లో ఆ ముద్రను ఒక గోడంత చేసి చూపించారు. అటెండరు మొదట్రోజు సాయంత్రమే ఇచ్చానన్నాడు. రెండో వారం మంత్రిగారి అతిథిగృహానికి బదిలీ అయ్యాడు, బదిలీతోపాటు వాడి జ్ఞాపకమూ మారింది. పొద్దున్నే ఇచ్చానని రాసిచ్చాడు. ఇంజనీరు తాను బీట సంగతి చెప్పినట్టే గుర్తులేదన్నాడు. ఇక మిగిలింది ముద్రలాయన.

ఇంట్లో భార్యకు మాత్రం అన్నీ చెప్పుకుని ఏడ్చాడు. ఆవిడ చీపురు పక్కన పడేసి, తలుపు గడియ పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది.

‘‘ఆ భవనం మీరు కట్టారా?’’

‘‘లేదు.’’

‘‘కూల్చారా?’’

‘‘అది కాదే, ఆ కాగితం గనక ఆ సాయంత్రమే వెళ్ళుంటే...’’

‘‘వెళ్ళుంటే, వచ్చుంటే. ముప్ఫై ఒక్కేళ్ళూ ఒక్కడైనా ఇలా చెయ్యకు నాయనా అన్నాడా? నవ్వుకున్నారుగా అందరూ? ఇప్పుడు వాళ్ళెవరికైనా గుర్తుందేమో అడగండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈ ఊరు ఎలాగూ మంచిది కాదు. కనీసం ఆ నోరు మూసుకోండి.’’

ఆయన నోరు మూసుకోలేదు. ఈ మెచ్చుకోలు ఆయనకు దక్కాలి, మున్ముందు దక్కేవేమీ లేవు కనుక. దర్యాప్తు అధికారి వచ్చి పాత రికార్డుల గదిలోకి పిలవగానే, అడక్కముందే మొత్తం కక్కేశాడు. చక్రం, గుండుసూది, నాలుగున్నర, గూడు, పైన పెట్టడం, అన్నీ. అధికారి సన్నటి కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. అతని కలం మొదటి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. ఈయన చెప్పడం పూర్తయ్యాక అతను దానికి మూత పెట్టాడు.

‘‘పెద్దాయనా, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదా?’’

‘‘లేదు సార్. అందుకే నిజం...’’

‘‘నిజమే చెప్పారు. నేను నమ్ముతున్నా. ఇప్పుడు నేను చెప్పేది కూడా వినండి. మీరన్నది రాశాననుకోండి, ఆవిడ నిర్దోషి అవుతుంది. మరి పదకొండు మందిని చంపిందెవరు? మీరు. దర్జీ మీకు తెలిసినవాడట కదా? వాళ్ళావిడ రేపు ఈ మాట వింటుంది.’’

ముద్రలాయన చూపుడువేలి గుడ్డపీలిక విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

‘‘నా మటుకు నాకు మీరైనా ఒకటే, ఆవిడైనా ఒకటే. కానీ పైవాళ్ళకి మీరు అక్కర్లేదు. మిమ్మల్ని జైల్లో పెట్టి ఎవరూ ఏ ఎన్నికా గెలవలేరు.’’

‘‘ఆవిడ ఏ పాపం ఎరగదు సార్.’’

‘‘ఆ సంగతి నాకు తెలీదనుకున్నారా?’’ అన్నాడు అధికారి, నొచ్చుకున్నట్టుగా. తర్వాత తనే ఒక కాగితం రాశాడు. ఇది నా ముద్రే, ఇది నా చేతిరాతే, నా ముద్రలో తేదీ ఎన్నడూ తప్పలేదు. మూడే వాక్యాలు. మొదటి రెండూ నిజమే. ముద్రలాయన చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అధికారి తొందరపెట్టలేదు, ఫోనులో ఎవరితోనో కూతురి పెళ్ళి గురించి మాట్లాడుకున్నాడు. ఫోను పెట్టేసేసరికి సంతకం అయిపోయింది.

పిరికితనమా? పిరికితనమే. కానీ ఆ గదిలో ఆ కుర్చీలో కూర్చోనివాళ్ళు ఆ మాట కాస్త మెల్లగా అంటే బావుంటుంది.

కోర్టులో టీచరమ్మ తరఫు లాయరు ఆయన్ని ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

‘‘పెద్దాయనా, మీ ముద్రలోని తేదీ మీరు ఎప్పుడు తిప్పుతారు?’’

హాలు నిండా ఆఫీసువాళ్ళే. ముప్ఫై ఏళ్ళు నవ్వినవాళ్ళందరూ ఆ క్షణాన నేలచూపులు చూశారు. టీచరమ్మ ఒక్కతే ఆయన్ని చూసింది. కోపంగా కాదు. బాగా వచ్చిన లెక్కను పిల్లవాడు బోర్డు దగ్గర మర్చిపోతాడేమోనని ముందు బెంచీ పక్క నిలబడి చూసినట్టు చూసింది.

‘‘పొద్దున్నేనండి,’’ అన్నాడు ముద్రలాయన.

టీచరమ్మకు ఏడేళ్ళ శిక్ష పడింది. తీర్పు వచ్చిన ఆరువారాలకి ముద్రలాయన పదవీ విరమణ చేశాడు. నిజాయితీపరుడైన ఉద్యోగి అని అద్దం కట్టిన పత్రం ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. ఇంటికొస్తే గుమ్మంలో దర్జీ భార్య నిలబడి ఉంది. చేతిలో పొట్లం. శిథిలాలు ఎత్తినప్పుడు దొరికిన బట్టల్ని ఉతికి, ఎవరివి వాళ్ళకి ఇస్తూ తిరుగుతోందట.

‘‘ఇది మీ కొలతే అన్నయ్యగారూ. చేతులు కుట్టాలి, అంతే. ఆ రాత్రి మీ చొక్కా అయ్యాకే వస్తానన్నారు,’’ అంది.

ఆవిడ దాన్ని నిష్ఠూరంగా అనలేదు. ముద్రలాయన ఇంట్లో ఆవిడ ఎప్పుడూ మర్యాదే చూసింది, జరిగిన సంగతేమీ ఆవిడకు తెలియదు. ముద్రలాయన పొట్లం అందుకున్నాడు. ఆవిడకు మంచినీళ్ళు ఇచ్చింది భార్య. ఆవిడ వెళ్ళాక ఆయన పొట్లం విప్పకుండానే బీరువా అడుగున పెట్టేశాడు.

ఎన్నికలొచ్చాయి. ఎదురు లేకపోయేసరికి అవతలి పార్టీ నుంచి మందుల షాపాయన గెలిచి మేయరయ్యాడు. చెడ్డవాడని పేరు లేదు, గొప్పవాడనీ లేదు. బజారు చివర మందుల షాపు, బట్టతల, ఎవరేం చెప్పినా తలాడించడం. పార్టీవాళ్ళు నిలబడమంటే నిలబడ్డాడు. ఉన్న నాలుగేళ్ళలో కొత్త మార్కెట్ కట్టించి, చచ్చిపోయిన పదకొండు మంది పేర్లూ దాని గోడ మీద చెక్కించాడు. ముద్రలాయన రక్తపోటు మాత్రలు కొనేది ఆ షాపులోనే. కౌంటరు దగ్గర ఎప్పుడూ ఒక అమ్మాయే ఉండేది. యజమానిని ఆయన గోడల మీది ఎన్నికల బొమ్మల్లో తప్ప చూసి ఎరగడు.

నాలుగేళ్ళయ్యేసరికి, పైనున్న ప్రభుత్వం పడిపోయింది. టీచరమ్మ పార్టీ వచ్చింది. ఆ వార్త వినగానే ముద్రలాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

‘‘ఎక్కడికి?’’ అంది భార్య.

‘‘చెప్పేసొస్తా. ఇప్పుడు వింటారు.’’

‘‘మీకు అరవై నాలుగు. జైల్లో మాత్రలు వేళకి ఎవరిస్తారనుకున్నారు?’’

‘‘ఎవరూ ఇవ్వకపోయినా సరే.’’

నాలుగేళ్ళలో ఆ మనిషి మొదటిసారి నిటారుగా నడిచాడు. టీచరమ్మ లాయరు ఆఫీసుకి వెళ్ళి, లోపలికి రమ్మనగానే తలుపు తోశాడు. లాయరు ఎదురుగా కుర్చీలో, టీ తాగుతూ, కళ్ళజోడు అధికారి కూర్చుని ఉన్నాడు. ప్రభుత్వాలు మారతాయి. దర్యాప్తు తెలిసినవాళ్ళు ఎవరికైనా కావాలి.

‘‘రండి పెద్దాయనా. మేమే కబురు పెడదామనుకుంటున్నాం. వందేళ్ళు మీకు!’’ అన్నాడు అధికారి.

ముద్రలాయన నిలబడే చెప్పాడు. చక్రం, గుండుసూది, నాలుగున్నర. ఎవరూ బలవంతపెట్టలేదు, ఆ కాగితాన్ని ఆపింది నేనే, రేపటి తేదీ వేసింది నేనే, కోర్టులో అబద్ధమాడింది నేనే, శిక్ష నాకు వేయించండి, ఆవిణ్ణి వదిలిపెట్టండి. లాయరు చివరిదాకా విని నిట్టూర్చాడు.

‘‘ఇది పనికిరాదు, పెద్దాయనా.’’

‘‘అదేంటి బాబూ, ఇది నిజం!’’

‘‘కాదనడం లేదు. నేను కోర్టులో మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగింది తెలిసే కదా. కానీ ఇప్పుడు మీ అలవాటంటే ఎవరు నమ్ముతారు? నమ్మినా ఏమవుతుంది, ఒక గుమాస్తా పొరపాటు. అంతదానికి మేడంగారి విడుదల కోసం నాలుగేళ్ళు ఉద్యమం చేశామా? జనం నవ్వరూ?’’

అధికారి తన సంచీలోంచి ఒక కాగితం తీశాడు. ఈసారి ముందే రాసి పెట్టుకున్నాడు. పద్నాలుగో తేదీ సాయంత్రం, అప్పటి మేయరు ప్రత్యర్థి పార్టీ మనిషైన మందుల షాపు యజమాని ఇద్దరు మనుషులతో నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈ కాగితం ఇవాళ కదిలితే నీ ఇల్లు తగలబెడతాం అన్నాడు. భయపడి ఆపాను. రేపటి తేదీ వేశాను.

‘‘ఆయన్ని నేనెప్పుడూ చూడనైనా లేదు సార్!’’

‘‘చూశామనేవాళ్ళు చాలామందున్నారు. మీరు ఒక్క సంతకం పెడితే ఆవిడ నెల తిరక్కుండా ఇంటికొస్తుంది. పెట్టలేదనుకోండి, ఇంకో మూడేళ్ళు ఎలాగూ ఉన్నాయి. పోయినేడు ఆవిడ తల్లి పోయింది, తెలుసా? చివరిచూపుకి కూడా పంపలేదు.’’

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. ఆయన మాత్రం కుర్చీ అంచున కూర్చుని, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని, కాసేపటికి కలం అడిగాడు. నిజం చెప్పడానికి వెళ్ళినవాడు నిజం చెప్పాడు కూడా, అది ఎవరికీ అక్కర్లేదని తేలింది. ఒక నిర్దోషిని విడిపించడానికి ఇంకో నిర్దోషిని లోపలికి తోయాలి. ఆ గదిలో ఉన్న ధర ఒక్కటే, బేరాల్లేవు.

టీచరమ్మ బయటికొచ్చింది. మందుల షాపాయన లోపలికెళ్ళాడు. ఇప్పుడాయన మీద పడింది ఉత్త దొంగకాగితం నేరం కాదు. పదకొండు మంది ప్రాణాలూ ఆయన నెత్తికే చుట్టుకున్నాయి. షాపు అద్దాలు జనం పగలగొట్టారు. కొత్త మార్కెట్ గోడ మీద ఆయన చెక్కించిన పేర్ల కింద ఎవరో బొగ్గుతో ‘హంతకుడు’ అని ఆయన పేరు రాశారు. మళ్ళీ ఎన్నికలు పెడితే టీచరమ్మ గెలిచి మేయరు కుర్చీలో కూర్చుంది.

మందుల షాపాయన కేసు విచారణకు రెండు రోజుల ముందు ముద్రలాయన ఆమె గదికి వెళ్ళాడు. ఆవిడ మనిషి సగమైంది. జుట్టు మొత్తం నెరిసింది. లేచి నిలబడి, కుర్చీ చూపించింది. ఆ మర్యాద మాత్రం పోలేదు.

‘‘కూర్చోండి.’’

‘‘నేను కూర్చోనమ్మా. ఒక మాట చెప్పి పోతాను. ఆ కాగితాన్ని ఎవరూ ఆపించలేదు. నా...’’

‘‘నాలుగున్నరకే తిప్పేస్తారు. తెలుసు.’’

కూర్చోనన్న మనిషి కుర్చీలో కూర్చున్నాడు.

‘‘ఈ ఆఫీసులో ఎవరికి తెలీదు? నాకు తెలిసే ఆ రోజు అటెండరుకి ఫోను చేసి అడిగాను. ఇచ్చానన్నాడు. ఎన్నింటికి ఇచ్చావని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు జైల్లో రోజూ నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత మానేశాను. మిమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాను.’’

‘‘తిట్టండమ్మా. కొట్టండి. కానీ ఆ మందుల షాపాయనకి ఏమీ తెలీదు. మీరు బయటికొచ్చేశారు. ఇప్పుడైనా నన్ను నిజం చెప్పనివ్వండి.’’

‘‘నేను బయటికొచ్చింది మీ రెండో కాగితం మీద. అది అబద్ధమని మీరు ఎల్లుండి చెబితే, అవతలెల్లుండి నేను మళ్ళీ అదే గదిలో ఉంటాను. ఆ గది ఎలా ఉంటుందో మీకు తెలుసా?’’

‘‘తెలీదమ్మా.’’

‘‘తెలీదు. వద్దు కూడా.’’ ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ‘‘ఆ నిజానికి నేను చాలా టైమిచ్చాను. కోర్టులో ఆ రోజు మీ నోటివంక చూశాను చూడండి, అప్పుడు కావాలి నాకది. ఇప్పుడు దాంతో నాకు పనిలేదు.’’

‘‘అమ్మా, మీరు టీచరు...’’

‘‘అది ఎప్పటి సంగతో,’’ అంది టీచరమ్మ. ‘‘ఎల్లుండి పదింటికి కోర్టు. కారు పంపిస్తాను.’’

కారు పంపించింది. కోర్టు హాలు అదే, నేలచూపులు చూసే జనమూ వాళ్ళే, ఒకరిద్దరు రిటైరయ్యారంతే. కళ్ళజోడు అధికారి ముందు వరసలో కూర్చుని తల ఊపి పలకరించాడు. ముద్రలాయన బోను ఎక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ముద్దాయి బోనులో ఒక బట్టతల మనిషి, నలిగిన బట్టల్లో, ఎవరేం చెప్పినా తలాడించి తలాడించి అలవాటైనవాడిలా ఊరికే అటూ ఇటూ చూస్తున్నాడు. గోడల మీది బొమ్మలకన్నా మనిషి పొట్టి. సాక్షి పేరు పిలవడం, ప్రమాణం చేయించడం అన్నీ అయ్యాక, ఆ బట్టతల మనిషి ముద్రలాయన వైపు పరీక్షగా చూసి, తన లాయరు వైపు వంగాడు. గుసగుసగానే అడిగాడు గానీ, హాలు నిశ్శబ్దంగా ఉండటం వల్ల అందరికీ వినబడింది.

‘‘ఈ పెద్దాయన ఎవరండీ?’’

ఎవరో నవ్వారు. ముద్దాయి నాటకాలాడుతున్నాడని రాసుకోమన్నాడు ప్రభుత్వ లాయరు. జడ్జి బల్ల మీద చేత్తో తట్టి, సాక్షి వైపు తిరిగాడు.

‘‘ఆ రోజు సాయంత్రం మీ కిటికీ దగ్గరికొచ్చి బెదిరించిన మనిషి ఇక్కడున్నాడా? గుర్తుపట్టగలరా?’’

ముద్రలాయన ఆ బట్టతల మనిషిని చూశాడు. జీవితంలో మొదటిసారి చూడటం. ఆ మనిషి కూడా ఆయన్నే చూస్తున్నాడు, ఈ పెద్దాయన ఎవరో పాపం, పొరబడి వచ్చినట్టున్నాడు, ఇప్పుడే కాదని చెప్పి వెళ్ళిపోతాడులే అన్నంత నమ్మకంగా.

‘‘ఉన్నాడండి,’’ అన్నాడు ముద్రలాయన. చెయ్యెత్తి చూపించాడు.